తూటాకన్నా దోమకు పడినవారే ఎక్కువ

సూళ్లూరుపేట అనగానే ఇప్పుడు అందరికీ శ్రీహరికోట గుర్తొస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి మాత్రం ఇది మద్రాసు–కలకత్తా రైలు దారిలో ఒక స్టేషన్, అంతే. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ వశమైంది. ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. మద్రాసు జనం మూటాముల్లె సర్దుకుని ఊళ్ల దారి పట్టారు. ఆ రోజుల్లో మద్రాసులో రైలెక్కి కలకత్తా మీదుగా బర్మా సరిహద్దుకు వెళ్లేవారు, సిపాయిలైనా నర్సులైనా, సూళ్లూరుపేట దాటాల్సిందే.

మన దేశంలో సైనిక నర్సుల కథ 1888లో బొంబాయి రేవులో దిగిన పదిమంది బ్రిటిష్ నర్సులతో మొదలైంది. 1926లో ఇండియన్ మిలిటరీ నర్సింగ్ సర్వీస్ ఏర్పడింది. యుద్ధం ముదిరేసరికి ఆ నర్సులు ఏ మూలకూ చాలలేదు. దాంతో ఆగ్జిలరీ నర్సింగ్ సర్వీస్ పెట్టి, కొత్తవాళ్లకు ఆస్పత్రుల్లో కొన్నాళ్లు తర్ఫీదు ఇచ్చి పంపారు.

బర్మా సరిహద్దుకు వెళ్లినవారికి ఎదురైన మొదటి శత్రువు జపాన్ కాదు, జ్వరం. అక్కడ 14వ సైన్యాన్ని నడిపిన జనరల్ స్లిమ్ రాసిన లెక్క ఒకటుంది. 1943లో గాయపడి వెనక్కి తరలిన ప్రతి ఒక్కరికీ, జబ్బుపడి తరలినవారు 120 మంది! మలేరియా, రక్త విరేచనాలు, స్క్రబ్ టైఫస్. దోమ కుట్టకుండా పొద్దు గూకితే చేతులూ కాళ్లూ కప్పుకోవాలని సైన్యంలో ఆజ్ఞ. మలేరియా రాకుండా రోజూ మెపాక్రిన్ మాత్ర మింగాలి. మింగీ మింగీ ఒళ్లు పసుపు పచ్చగా మారేది.

వీటిలో స్క్రబ్ టైఫస్ దగ్గర డాక్టరు కూడా చేతులెత్తేసేవాడు. మన చిత్తూరు, తిరుపతి వైపు ఇప్పుడూ వినిపించే జబ్బే ఇది. ఇవాళ మాత్రలతో తగ్గిపోతుంది. అప్పట్లో దానికి మందే లేదు. రెండు వారాల పాటు జ్వరం దిగేది కాదు, రోగి కలవరిస్తూనే ఉండేవాడు. తడిగుడ్డతో ఒళ్లు తుడవాలి. గుక్కెడు గుక్కెడుగా నీళ్లు పట్టాలి. ఎండిన నోరు శుభ్రం చేయాలి. పుండ్లు పడకుండా గంట గంటకూ పక్కకు తిప్పాలి. మనిషి బతికి బట్టకట్టడం చాలావరకు ఆ సేవ మీదే ఆధారపడి ఉండేది.

గాయపడ్డవారి సంగతి వేరు. 1944 నాటికి పెన్సిలిన్ వచ్చింది గానీ, అది ఒంట్లో నిలిచేది కాదు. మూడు గంటలకోసారి సూది వేయాల్సిందే. పొడిని నీళ్లలో కలపాలి, సిరంజీలు మరగబెట్టాలి, ఒక్కొక్క మంచం దగ్గరికీ వెళ్లాలి. ఆఖరి మంచం దాకా వచ్చేసరికి మొదటివాడికి మళ్లీ వేళయ్యేది. పగలూ రాత్రీ తలుపులు మూయని సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడిలా ఆ వార్డుకూ మూసే వేళంటూ లేదు.

1943 సెప్టెంబరులో వచ్చిన ఆర్డినెన్స్ సైనిక నర్సులకు అధికారుల హోదా ఇచ్చింది. ఈనాటికీ ఆ కొలువుకు అదే ఆధారం. భారత సైన్యంలో మేజర్ జనరల్ అయిన తొలి మహిళ కూడా ఈ సర్వీసు నుంచే వచ్చారు. 1976లో గెర్ట్రూడ్ అలీస్ రామ్ ఆ హోదా అందుకున్నారు.

హోదా వచ్చినా అన్ని హక్కులూ వెంట రాలేదు. పెళ్లి చేసుకుంటే కొలువు నుంచి తీసేయవచ్చన్న నిబంధన 1995 దాకా కొనసాగింది. 1988లో అలా ఉద్యోగం పోగొట్టుకున్న ఒక నర్సు కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టులో గెలిచారు. ఆ నిబంధన ఏకపక్షమని తేల్చిన న్యాయస్థానం 60 లక్షల రూపాయల పరిహారం ఇమ్మంది. ఇప్పుడు నీట్ రాసి సైనిక నర్సింగ్ కాలేజీల్లో చేరే అమ్మాయిలు కొలువా, కాపురమా అని తేల్చుకోనక్కర లేదు.