ఏలికల నోట జారిన మాటలు

1830 నవంబరు 2న బ్రిటన్ ప్రధాని డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ ప్రభువుల సభలో లేచి, దేశంలో ఉన్న ఎన్నికల పద్ధతిలో మార్చవలసింది ఏమీ లేదని, ప్రజలకు దానిమీద పూర్తి నమ్మకం ఉందని ప్రకటించాడు. అప్పటికి మాంచెస్టర్ లాంటి పెద్ద పారిశ్రామిక నగరానికి పార్లమెంటులో తనకంటూ ఒక్క సభ్యుడు లేడు. మనుషులు దాదాపు ఖాళీ చేసిన పాత ఊళ్లకేమో ఇద్దరేసి ఉన్నారు. వాటర్లూ విజేత, అంతకు ముందు 1799లో నిజాం సేనను వెంటబెట్టుకుని శ్రీరంగపట్నం మీదికి నడిచిన ఆర్థర్ వెల్లెస్లీ ఇతడే. యుద్ధరంగంలో అంత నిదానం చూపినవాడు సభలో మాట పారేసుకున్నాడు. రెండు వారాలు తిరక్కుండానే అతని ప్రభుత్వం పడిపోయింది. తాను అక్కర్లేదన్న సంస్కరణే 1832లో చట్టమైంది.

అలాగని ఆ ప్రసంగమే ప్రభుత్వాన్ని కూల్చిందంటే నేను ఒప్పుకోను. కేథలిక్కులకు రాజకీయ హక్కులిచ్చిన నాటినుంచే అతని సొంత పక్షం చీలిపోయి ఉంది. పల్లెల్లో కూలీలు తిరగబడుతున్నారు. ఏలేవాడికి తమ గోడు పట్టదన్న జనం అనుమానానికి ఆ ప్రసంగం సాక్ష్యంగా నిలిచింది. తర్వాతి రెండు శతాబ్దాల్లో బ్రిటిష్ నాయకులు అని నాలిక కరుచుకున్న మాటలను వరసగా చూస్తే, గుర్తుండిపోయినవి చాలావరకు ఈ కోవకే చెందుతాయి.

మనకు బాగా దగ్గరైన ఉదాహరణ 1888 నాటిది. అంతకు రెండేళ్ల ముందు దాదాభాయి నౌరోజీ లండన్‌లోని హోబర్న్ స్థానంలో లిబరల్ అభ్యర్థిగా నిలబడి ఓడిపోయారు. ఆ సంగతి ప్రస్తావిస్తూ ప్రధాని లార్డ్ సాలిస్‌బరీ ఎడిన్‌బరో సభలో, మనం ఎంత ముందుకు పోయినా ఒక నల్లవాణ్ణి ఎన్నుకునే దశకు ఇంకా చేరలేదన్నట్టు మాట్లాడాడు. పత్రికల్లో దుమారం రేగింది. నౌరోజీ ఒంటి రంగు సాలిస్‌బరీ రంగు కంటే తెల్లనిదని కొందరు వెనకేసుకొచ్చారు. ఆ సమర్థన నాకు రుచించదు. ఆయన నల్లగా ఉండి ఉంటే మాత్రం ఆ అవమానం న్యాయమయ్యేదా? ఏమైనా, అంతవరకు కొద్దిమందికే తెలిసిన నౌరోజీ పేరు దేశమంతా పాకింది. 1892లో సెంట్రల్ ఫిన్స్‌బరీ ఓటర్లు ఐదు ఓట్ల ఆధిక్యంతో ఆయన్ను కామన్స్ సభకు పంపారు. అంత స్వల్ప ఆధిక్యంలో సాలిస్‌బరీ నోటి పుణ్యం కొంతైనా ఉందని నా నమ్మకం.

ఈ అహంకారం అక్కడితో ఆగలేదు. 1931 ఫిబ్రవరిలో గాంధీ, వైస్రాయి ఇర్విన్‌తో సమాన హోదాలో చర్చలకు కూర్చున్నారు. విన్‌స్టన్ చర్చిల్ దాన్ని సహించలేక, మిడిల్ టెంపుల్ లాయరొకడు ఫకీరు వేషం కట్టి అర్ధనగ్నంగా వైస్రాయి భవనం మెట్లెక్కుతున్నాడని ఈసడించాడు. గాంధీ చదివింది మిడిల్ టెంపుల్‌లో కాదు, ఇన్నర్ టెంపుల్‌లో. ద్వేషంతో మాట్లాడేవాడికి ఆ పాటి వివరం కూడా అక్కర్లేకపోయింది. 1944లో గాంధీ నేరుగా చర్చిల్‌కే ఉత్తరం రాసి, నగ్న ఫకీరు కావాలన్నదే తన చిరకాల ప్రయత్నమని, కాబట్టి ఆ మాటను మెప్పుగానే తీసుకుంటున్నానని చెప్పారు. తిట్టుకు అంతకన్నా గొప్ప జవాబు నేనెక్కడా చదవలేదు.

రేడియో వచ్చాక ఒక్క మాట ఒకేసారి లక్షల ఇళ్లలో వినిపించడం మొదలైంది. 1938 సెప్టెంబరు 27న ప్రధాని నెవిల్ చేంబర్లెయిన్, చెకోస్లోవేకియా సంక్షోభాన్ని మనకేమీ తెలియని దూరదేశపు మనుషుల తగాదాగా వర్ణించాడు. మూడు రోజులకు మ్యూనిక్‌లో హిట్లర్‌తో ఒప్పందం చేసుకుని తిరిగొచ్చి, మన కాలానికి శాంతి దక్కిందని డౌనింగ్ స్ట్రీట్ కిటికీలోంచి ప్రకటించాడు. పన్నెండు నెలలు నిండకుండానే యుద్ధం మొదలైంది. 1940 ఏప్రిల్ 4న హిట్లర్ బస్సు అందుకోలేకపోయాడని ధీమాగా అన్నాడు. ఐదో రోజున జర్మన్ సేనలు డెన్మార్క్, నార్వేల మీద పడ్డాయి. శాంతి కోరడాన్ని నేను తప్పుపట్టను. జోస్యం తప్పినందుకు కూడా క్షమించవచ్చు. దూరదేశపు మనుషులన్న ఆ మాటను క్షమించడం నాకు కష్టం. ఆ దేశాన్ని ముక్కలు చేసే ఒప్పందం మీద సంతకం చేసిన చెయ్యి అతనిదే.

యుద్ధం గెలిపించిన చర్చిల్‌కూ రేడియో అచ్చిరాలేదు. 1945 జూన్ 4న ఎన్నికల ప్రచార ప్రసంగంలో, లేబర్ పార్టీ సోషలిజం నడపాలంటే ఏదో ఒక రకం గెస్టపో లేకుండా కుదరదని అన్నాడు. ఐదేళ్లు తన పక్కనే యుద్ధ మంత్రివర్గంలో కూర్చున్న లేబర్ నాయకుడు ఆట్లీ మనుషుల గురించి అన్న మాట అది. మర్నాడు ఆట్లీ అదే రేడియోలో గొంతు పెంచకుండా బదులిచ్చాడు. లేబర్ 393 స్థానాలు గెలిచింది. జనం అప్పటికే ఇళ్లు, వైద్యం, ఉద్యోగాల గురించి ఆలోచిస్తున్నారు. ఆ గెలుపుకు అసలు కారణం అదే. లేబర్ వాళ్లూ నోరు జారారు. జాతీయ ఆరోగ్య సేవ మొదలయ్యే ముందురోజు, 1948 జులై 4న, దాన్ని నిలబెట్టిన అన్యూరిన్ బెవాన్ టోరీలను, అంటే కన్సర్వేటివ్‌లను, పురుగుల కంటే హీనమన్నాడు. కన్సర్వేటివ్‌లు కొందరు ఆ తిట్టునే సంఘం పేరుగా పెట్టుకుని బ్యాడ్జీలు ధరించారు.

అనని మాటకు అపఖ్యాతి మోసినవాడు జేమ్స్ కలహాన్. 1979 జనవరిలో లారీ డ్రైవర్ల సమ్మెతో దేశం స్తంభించిపోతుండగా, ఆయన కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో శిఖరాగ్ర సమావేశం ముగించుకుని 10వ తేదీన లండన్‌లో దిగాడు. దేశంలో పెరుగుతున్న గందరగోళం గురించి విలేకరులు అడిగితే, ప్రపంచంలో మరెవరైనా ఆ అభిప్రాయంతో ఏకీభవిస్తారని తాను అనుకోవడం లేదన్నాడు. మర్నాడు సన్ పత్రిక ‘సంక్షోభమా? ఏం సంక్షోభం?’ అని పతాక శీర్షిక పెట్టింది. ఆ మాట అతని నోట రాలేదు. ఇంట్లో చలికి వణుకుతున్నవాడికి మాత్రం అతని జవాబు అలాగే వినిపించింది. మార్చి 28న ప్రభుత్వం అవిశ్వాస తీర్మానంలో 311–310తో, ఒక్క ఓటుతో ఓడింది. మే నెలలో మార్గరెట్ థాచర్ గద్దెనెక్కింది. పత్రిక చేసింది అన్యాయమే. అయినా సమ్మెల్లో కష్టపడుతున్న జనానికి ముందు ఊరట చెప్పి తర్వాత లోకం సంగతి మాట్లాడి ఉంటే, ఆ శీర్షికకు చోటే ఉండేది కాదు.

నిజం చెప్పి పదవి పోగొట్టుకున్న మనిషి ఎడ్వినా కరీ. 1988 డిసెంబరు 3న ఆరోగ్యశాఖ సహాయమంత్రిగా ఉన్న ఆమె, దేశంలో గుడ్ల ఉత్పత్తిలో చాలా భాగానికి సాల్మొనెల్లా సోకిందని అంది. గుడ్ల అమ్మకాలు కుప్పకూలాయి, రైతులు రగిలిపోయారు, రెండు వారాల్లో ఆమె రాజీనామా చేసింది. ‘చాలా భాగం’ అనడం అతిశయోక్తే. కోళ్ల మందల్లో ఆ క్రిమి ఉన్న మాట మాత్రం వాస్తవం. తర్వాత కోళ్లకు టీకాలు వేసి, 1998 నుంచి గుడ్డుమీద సింహం ముద్ర తెచ్చాకే జనానికి భరోసా కుదిరింది. నోరు జారినవారి పట్టికలో ఆమెను సాలిస్‌బరీ పక్కన పెట్టడం నాకు సమ్మతం కాదు.

1997 అక్టోబరులో ఎలిజబెత్ రాణితో అమృత్‌సర్ వచ్చిన ఆమె భర్త ఫిలిప్ రాకుమారుడు, జలియన్‌వాలా బాగ్ ఫలకం మీద రెండు వేలమంది అన్న సంఖ్య చూసి, అది కాస్త ఎక్కువ చెప్పినట్టుందని, గాయపడ్డవాళ్లనూ కలిపి ఉంటారని అన్నాడు. అక్కడ కాల్పులు జరిపించిన డయ్యర్ కొడుకుతో కలిసి నౌకాదళంలో పనిచేశానని కూడా చెప్పాడు. బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకున్న మృతుల లెక్క 379. లెక్కల్లో తేడాలు ఉండవచ్చు. కానీ చనిపోయినవారికి పూలు ఉంచడానికి వచ్చిన చోట లెక్క సరిచూసే మనసు ఎలా వచ్చింది? ఆ మాట నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

చివరికి మైకు చొక్కాకే అతుక్కుంది. 2010 ఏప్రిల్ 28న ఎన్నికల ప్రచారంలో రోచ్‌డేల్ వెళ్లిన ప్రధాని గార్డన్ బ్రౌన్‌ను, ఒక వృద్ధురాలు వలసల గురించి, అప్పుల గురించి నిలదీసింది. ఆమెతో నవ్వుతూ మాట్లాడి కారెక్కాక, ఆమెది సంకుచిత బుద్ధి అని తన సిబ్బందితో విసుక్కున్నాడు. స్కై న్యూస్ మైకు ఇంకా చొక్కాకే ఉంది. గంటల్లో దేశమంతా వింది. బీబీసీ రేడియో స్టూడియోలో ఆ రికార్డింగు వినిపించినప్పుడు తల చేతిలో పెట్టుకున్నాడు, తర్వాత ఆమె ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాడు. మే 6న లేబర్ దేశంలో ఓడింది. రోచ్‌డేల్‌లో మాత్రం లేబర్ అభ్యర్థే గెలిచాడు.