చీటీ మీది పేరు

అలెన్ ఆక్టేవియన్ హ్యూమ్ పేరు వినగానే మనవారికి 1885లో బొంబాయిలో సమావేశమైన కాంగ్రెసు మహాసభ జ్ఞప్తికి వచ్చును. ఆ యేడే ఆయన తన మరియొక జీవితకార్యమునకు స్వస్తి చెప్పెనని ఎరిగినవారు తక్కువ. సిమ్లాలోని ఆయన గృహమున నున్న పక్షిచర్మములు, గ్రుడ్లు, గూళ్లు, మొత్తము సుమారు 82,000, ఆ సంవత్సరమున బ్రిటిష్ మ్యూజియమునకు తరలిపోయెను.

ఇంతటి సంచయమును ఒక్క మనిషి కూర్చలేదు. 1872లో హ్యూమ్ 'స్ట్రే ఫెదర్స్' అను పక్షిశాస్త్ర పత్రికను ప్రారంభించెను. దేశము నలుమూలల ఉద్యోగములు చేయుచున్న సైనికాధికారులు, వైద్యులు, అటవీశాఖవారు దానికి వార్తలు పంపుచుండిరి. పక్షిశాస్త్రము వీరికి జీవనోపాధి కాదు. కచేరి పని ముగిసిన పిమ్మట తమ చుట్టుపట్ల కనబడినదానిని వ్రాసి పంపుటయే వీరి సేవ. 1874లో హ్యూమ్ వీరికొరకు ఒక చేతిపుస్తకమును ప్రకటించెను. ఊరు, తేదీ వ్రాసిన చీటీ లేని పక్షి ఎంత అందమైనదైనను శాస్త్రమునకు కొరగాదు గదా!

1883 ప్రాంతమున ఆయన ప్రయాణమునుండి తిరిగివచ్చి చూడగా, ఏండ్లతరబడి కూర్చిన వ్రాతప్రతులలో పెక్కింటిని నౌకరు చిత్తుకాగితములుగా అమ్మివేసియుండెను. ఎందరి సాయంకాలపు శ్రమ అంగడి పొట్లములైనదో!

1883 సెప్టెంబరు 15న బొంబాయిలో ఎనిమిదిమంది కూడి ప్రకృతిచరిత్ర సంఘమును స్థాపించిరి. వారిలో ఆత్మారామ్ పాండురంగ్, సఖారామ్ అర్జున్ అను భారతీయ వైద్యు లిద్దరు కలరు. 1886 నుండి వెలువడిన సంఘపత్రిక, మారుమూల నుండి వచ్చిన చిన్న వార్తకును చోటిచ్చెను.

అయితే ఈ చీటీలలో ఒక లోపము కలదు. పక్షిని పట్టి తెచ్చిన పల్లెవాని పేరు వానిపై అరుదు. దీనివలన కలిగిన నష్టమెట్టిదో తెలుగునాటనే తేలెను.

మద్రాసు సైన్యవైద్యుడు జెర్డన్ సేకరించిన కలివికోడికి 1848లో శాస్త్రీయనామ మేర్పడెను. ఆంగ్లమున నేటికిని అది ఆయన పేరనే చెలామణి యగుచున్నది. 1900లో అనంతపురము చెంత కనబడిన పిమ్మట దాని జాడ లేదు. నిపుణులు పలుమార్లు వెదకి, అంతరించెనని తలచిరి. 1980 దశకమున బొంబాయి సంఘము మరల పూనుకొనెను. ఆ సంఘపు శాస్త్రజ్ఞుడు భరత్ భూషణ్ కడప జిల్లాలో పక్షి బొమ్మను చూపి విచారింపగా, పిట్టలు పట్టువారు ఇట్టే గుర్తించిరి. 1986 జనవరిలో, లంకమల కొండల దాపున రెడ్డిపల్లె ప్రాంతమున, ఐతన్న అను వేటగాడు రాత్రివేళ ఒక పక్షిని పట్టి తెచ్చెను.

మర్మమంతయు ఆ రాత్రివేళయందే కలదు. పండితులు పగలు వెదకిరి. కలివికోడి చీకటిపడిన పిదప ముండ్లపొదల నడుమ మేతకు వెడలును. రాత్రులు అడవిలో తిరుగువారికి ఇది క్రొత్త సంగతి కాదు. వారిని అడుగుటకు 86 ఏండ్లు పట్టినది.

పట్టువడిన పక్షి బ్రదుకలేదు. ఆ తావును మాత్రము 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యముగా ప్రకటించిరి. తెలుగుగంగ కాలువ మార్గమును సైతము దానికొరకు పిమ్మట మార్చవలసివచ్చెను. కలివికోడి మరల దొరకిన వృత్తాంతమును చెప్పు గ్రంథములలో ఈసారి ఐతన్న పేరును చేరినది.