ఉల్టీ చూడీ

హైదరాబాదు ముస్లిం అనగానే మన తెలుగు పాఠకులకు నవాబు గుర్తొస్తాడు. చేతులకు నల్ల గ్రీజు అంటిన ఉస్తాద్ గుర్తుకు రాడు. చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్ నిలబెట్టారు. ఆర్డరిచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా. 1911లో ఆయన కన్ను మూశాక బండి కొడుకు హయాంలో వచ్చి చేరింది. ఈ సంగతులు అందరికీ తెలుసు. దాని స్టీరింగ్ వదులైనప్పుడు కింద పడుకుని విప్పిందెవరు? ఆ పేర్లు మాకెక్కడా దొరకలేదు. ఈ ఊళ్లో మోటారు పని చరిత్ర రాయాలంటే నవాబుల దివాన్‌ఖానాలో కాదు, గ్యారేజీలో మొదలుపెట్టాలి.

1932లో నిజాం స్టేట్ రైల్వే వాళ్లు 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖ పెట్టారు. అల్బియాన్ బస్సులు బ్రిటన్ నుంచే వచ్చాయి గానీ, వాటికి జబ్బు చేస్తే నయం చేయాల్సింది ఇక్కడే గదా. 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ జరిగింది. ఆ రోజుల్లో, ఆ తర్వాతా 27 వేల నుంచి 40 వేల దాకా ప్రాణాలు పోయి ఉంటాయని సుందర్‌లాల్ కమిటీ లెక్కగట్టింది. ఆ నివేదిక 2013 దాకా మామూలు మనిషి కంట పడలేదు. సర్కారీ నౌకరీ పోయిన ఇళ్లల్లో కొందరు రిక్షా తొక్కారు, కొందరు పానా పట్టారు. ముస్లింలు ఎక్కువగా బతుకుతున్న పనుల్లో మోటారు రిపేరు ఒకటని 2006లో సచార్ కమిటీ రాసింది. అది మా వీధుల్లో ఎవరినడిగినా చెప్పేదే. కమిటీ రాస్తే గానీ సర్కారు నమ్మదు.

ఇంకోటి కూడా పోయింది: భాష. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూలో చదువు చెప్పింది. దారుల్ తర్జుమా పండితులు సైన్సుకు, ఇంజనీరింగుకు వందలకొద్దీ మాటలు తయారు చేశారు. పోలీస్ యాక్షన్ తర్వాత ఉర్దూ బోధన ఆగిపోయింది, ఆ పుస్తకాలు బీరువాల్లోకి పోయాయి. గ్యారేజీలో మాత్రం ఉర్దూ బతికింది. పానా, పేంచ్‌కస్, ఖరాద్, చూడీ. బోల్టు మీది మరను 'చూడీ' అంటారు. చూడీ అంటే గాజు. పండితులకు తట్టని ఈ మాట ఏ ఇనప పనివాడికి తట్టిందో! హిందూ పిల్లలు షాగిర్దులుగా చేరినా ఇవే మాటలు నేర్చుకున్నారు, తమ ఇళ్లకూ తీసుకుపోయారు. ఎవరి భాష ఎవరిదని తగువులాడేవాళ్లు ఒకరోజు వచ్చి ఇక్కడ కూర్చోవాలి.

ఇక అసలు పని. 1950ల మొదట్లో హిందుస్థాన్ మోటార్స్ ఇంగ్లండు మోరిస్ మైనర్‌ను బేబీ హిందుస్థాన్ పేరుతో అమ్మింది. (మైనర్‌ను గీసిన అలెక్ ఇసిగోనిస్ 1906లో ఉస్మానీ సల్తనతులోని స్మిర్నాలో పుట్టాడు. 1922లో యుద్ధం తరిమితే ఊరొదిలిన మనిషి.) ఈ బండిలో ముందు చక్రం ఒక నిలువు పిన్ను మీద నిలబడుతుంది. పిన్నుకు పైనా కిందా చూడీలుంటాయి. అవి ట్రునియన్ అనే దిమ్మెల్లో తిరుగుతాయి. స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ చూడీ మీద చూడీ జారుతుంది. గ్రీజు అందకపోతే దుమ్మే ఆకురాయి అవుతుంది. అరిగి అరిగి, ఏదో ఒక మలుపులో కింది పిన్ను దిమ్మెలోంచి ఊడొస్తుంది. చక్రం మడత పడి బండి ముక్కు నేలకు తగులుతుంది.

జబ్బు పట్టే తీరు సులువే. చక్రాన్ని జాకీ మీద లేపి, పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి ఊపాలి. టక్‌టక్ మంటే షాగిర్దును బ్రేకు తొక్కమంటారు. అప్పుడు ఊగడం ఆగితే బేరింగు, ఆగకపోతే పిన్ను. అదే అడ్డంగా పట్టుకుని ఊపితే టైరాడ్ చివరి బాల్ జాయింటు సంగతి తెలుస్తుంది. ర్యాకులో ఇంకో చిక్కుంది. బండి ఎక్కువకాలం తిన్నగా నడుస్తుంది కాబట్టి పళ్లు నడిమిట్లోనే అరుగుతాయి. నడిమి వదులు పోవాలని కింద షిమ్ములు తీసి బిగించారంటే, మలుపులో స్టీరింగు పట్టేస్తుంది. తెలియనివాళ్లు చేసే పని అదే.

పిన్ను మారిస్తే దిమ్మె కూడా మార్చాలి. పాత దిమ్మె కొత్త పిన్నును తినేస్తుంది. అరిగినచోట వెల్డింగుతో నింపి, ఖరాద్ మీద మళ్లీ చూడీ కొట్టించే వాళ్లున్నారు. మంట తగిలిన ఇనుము గుణం మారుతుంది, పైకి కనపడదు. ఇంజన్లో ఎంత జుగాడైనా చేసే ఉస్తాదులు స్టీరింగ్ దగ్గర మాత్రం వెల్డింగుకు ఒప్పుకోరు. ఇంజన్ చెడితే బండి ఆగుతుంది, స్టీరింగ్ పోతే బండి ఆగదు అంటారు. బి.ఏ. చదువులు చదివిన మాకు ఈ తేడా ఎవరూ చెప్పలేదు.

2021లో కేంద్రం యాభై ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ పెట్టింది. కొత్తగా చేయించడానికి ఇరవై వేల రూపాయలు. బండి పుట్టినప్పటి రూపంలో ఉండాలన్నది షరతు. యజమానులకు గౌరవం పెరిగింది, మంచిదే. బండిని యాభై ఏళ్లు ఆ రూపంలో నిలిపిన చేతికి మాత్రం అదే రోజు కూలీ. రాణీగంజ్‌లో ఇప్పుడు మైనర్ సామాను దొరకదు, ఇంగ్లండు నుంచి డబ్బాల్లో తెప్పించుకోవాలి. ఉస్తాద్ కొడుకులు వేరే పనుల్లో పడ్డారు.

ఈ బండికి ఒక పక్క పిన్ను సీధీ చూడీ, రెండో పక్క పిన్ను ఉల్టీ చూడీ. ఒకదాని చోట ఇంకోటి ఎక్కదు. డబ్బా మీద ఎడమ, కుడి అని ఇంగ్లీషులో రాసే ఉంటుంది. చదవడం రాని ఉస్తాద్ పిన్నును బయటికి తీసి, చూడీ మీద బొటనవేలి గోరు నడిపి చూసి, ఏ పక్కదో చెబుతాడు.