క్రేటోస్ గొడ్డలి చేయించబోతే బయటపడ్డ టేపు కథ

"గొడ్డలి ఎంతవరకు వచ్చింది?" అని చాలామంది అడుగుతున్నారు. వచ్చేసింది. ఇదిగో, టేబుల్ మీదే ఉంది. కానీ ఈ రోజు ముందు గొడ్డలి గురించి కాదు, దాన్ని చెక్కిన మెషీన్ గురించి మాట్లాడుకుందాం. ఎందుకంటే ఆ మెషీన్ ముందు నిలబడి ఉండగా ఒక చిన్న ప్రశ్నకి నా బీటెక్ మొత్తం చేతులెత్తేసింది.

గాడ్ ఆఫ్ వార్ ఆడినవాళ్లకి లెవయథాన్ యాక్స్ గురించి చెప్పక్కర్లేదు. ఆడనివాళ్ల కోసం ఒక్క మాట. 2018లో వచ్చిన గేమ్‌లో హీరో క్రేటోస్ వాడే గొడ్డలి అది. విసిరితే వెనక్కి ఎగిరొచ్చి చేతిలో పడుతుంది. దాని తలకాయని అల్యూమినియంలో చేయిద్దామని బాలానగర్‌లో ఒక జాబ్ వర్క్ షాపుకి వెళ్లాను. త్రీడీ మోడల్ నాదే, మెషీన్‌కి ఇచ్చే ప్రోగ్రాం కూడా నేనే తయారు చేసుకున్నా. పెన్ డ్రైవ్ ఇచ్చి దర్జాగా నిలబడ్డాను.

అక్కడ మెషీన్ నడిపే పెద్దాయన్ని అందరూ కాకా అంటారు. ఆయన నా ప్రోగ్రాంని చివరిదాకా జరిపి చూసి, ఆఖరి లైను మీద వేలు పెట్టారు. అక్కడ ఎం30 అని ఉంది.

"ఇంజనీరువి గదా బాబూ, ఎం30 అంటే ఏందో చెప్పు."

"ప్రోగ్రాం అయిపోయిందని, కాకా."

"అది ఇప్పుడు. మొదట్ల దానర్థం, టేపు ఎనకకు చుట్టు అని."

నేను మెషీన్ చుట్టూ చూశాను. టేపు లేదు, చుట్టడానికి ఏమీ లేదు. ఇంటికొచ్చి చదవడం మొదలుపెడితే కాకా చెప్పింది నిజమే. నా ఫైల్ మొదట్లో, చివర్లో ఉన్న % గుర్తు కూడా టేపు కాలానిదే. వెనక్కి చుట్టేటప్పుడు ఎక్కడ ఆగాలో చెప్పే గుర్తు అది. నిన్న కాక మొన్న నా ల్యాప్‌టాప్‌లో పుట్టిన ఫైల్ లోపల ఎప్పుడో పోయిన కాగితం టేపు ఇంకా బతికే ఉంది. అసలు అది అక్కడికి ఎలా వచ్చింది?

ముందు బేసిక్ విషయం. సీఎన్‌సీ మిల్లింగ్ అంటే, గిర్రున తిరిగే కట్టర్‌ని మోటార్లు అంకెల ప్రకారం జరుపుతుంటే మెటల్ కొంచెం కొంచెం కోసుకుపోతుంది. త్రీడీ ప్రింటర్ పొర మీద పొర పేరుస్తుంది, ఇది దిమ్మలోంచి అక్కర్లేనిది తీసేస్తుంది. శిల్పి పనే, కాకపోతే ఉలి ఎటు వెళ్లాలో అంకెలు చెప్తాయి.

ఈ అంకెల ఐడియా పుట్టింది హెలికాప్టర్ రెక్క దగ్గర.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, ట్రావర్స్ సిటీ అనే ఊరు. అక్కడ జాన్ పార్సన్స్ అనే ఆయన తన కంపెనీలో సికోర్‌స్కీ హెలికాప్టర్ల కోసం పైన తిరిగే రెక్కలు చేసేవారు. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. ఆయనకి కాలేజీ డిగ్రీ లేదు. రెక్కని అడ్డంగా కోసి చూస్తే ఒక వంపు ఆకారం కనిపిస్తుంది కదా, అది తేడా వస్తే రెక్క పనికిరాదు. కానీ డ్రాయింగ్‌లో ఆ వంపుకి ఇచ్చింది 17 పాయింట్లు మాత్రమే. మధ్యలో గీత ఎలా వెళ్లాలన్నది గీసేవాడి చేతిని బట్టి ఉండేది.

1946లో ఫ్రాంక్ స్టూలెన్ అనే ఇంజనీర్ ఆ కంపెనీలో చేరారు. ఆఫీసు లెక్కల కోసం వాడే ఐబీఎం పంచ్ కార్డు మెషీన్లతో రెక్క వంపుని లెక్కేద్దామన్నది ఆయన ఆలోచన. 17 కాస్తా 200 పాయింట్లు అయ్యాయి. ఇప్పుడు వాటిని మెటల్ మీదకి ఎలా దించాలి? ఒక మనిషి పట్టిక చూసి అంకెలు గట్టిగా చదువుతాడు. ఒకడు ఎక్స్ హ్యాండిల్ తిప్పుతాడు, ఇంకొకడు వై హ్యాండిల్ తిప్పుతాడు. ఒక్కో పాయింట్ దగ్గర ఒక్కో కోత. పాయింట్ల మధ్య మిగిలిపోయిన గరుకుని ఆకురాయి పెట్టి చేత్తో అరగదీస్తారు.

ఒక్కసారి ఊహించుకోండి. ముగ్గురు మనుషులు కలిసి ఒక సీఎన్‌సీ మెషీన్‌లా పనిచేస్తున్నారు. అంకెలు చదివేవాడు ప్రోగ్రాం, హ్యాండిళ్లు తిప్పేవాళ్లు మోటార్లు. మరి అంకెలే మెషీన్‌ని నేరుగా తిప్పితే? పార్సన్స్ అడిగిన ప్రశ్న అదే.

డబ్బు అమెరికన్ ఎయిర్‌ఫోర్స్ ఇచ్చింది. 1949లో కాంట్రాక్టు. మోటార్లని కచ్చితంగా కంట్రోల్ చేయడం తన వల్ల కాదని పార్సన్స్ ఆ పనిని ఎంఐటీలోని సర్వోమెకానిజమ్స్ ల్యాబ్‌కి అప్పగించారు. అక్కడి ఇంజనీర్లకి పాయింట్ల మధ్య ఆగి ఆగి వెళ్లడం నచ్చలేదు. కట్టర్ ఆగకుండా, మూడు దిశల్లోనూ ఒకేసారి కదలాలన్నారు. 1952 సెప్టెంబరులో సిన్సినాటి కంపెనీ హైడ్రో-టెల్ అనే పెద్ద మిల్లింగ్ మెషీన్‌కి వాక్యూమ్ ట్యూబులతో చేసిన కంట్రోలర్ తగిలించి చూపించారు. దానికి ఆర్డర్లు ఇచ్చింది, మీరు ఊహించినట్టే, చిల్లులు పెట్టిన కాగితం టేపు. కాకా చెప్పిన టేపు అదే.

అయితే ఆ డెమో నాటికి పార్సన్స్ ప్రాజెక్టులో లేరు. ఎంఐటీ నేరుగా ఎయిర్‌ఫోర్స్‌తో కాంట్రాక్టు చేసుకుంది, ఆయన పక్కకి జరిగిపోయారు. పేటెంట్ విషయంలో మాత్రం ముందే మేల్కొన్నారు. 1952 మేలో ఆయన అప్లై చేస్తే, ఎంఐటీ ఆగస్టులో చేసింది. ఆయనకి 1958లో పేటెంట్ వచ్చింది. 1985లో అమెరికా ప్రభుత్వం పార్సన్స్‌కి, స్టూలెన్‌కి కలిపి నేషనల్ మెడల్ ఆఫ్ టెక్నాలజీ ఇచ్చింది.

ఇక్కడితో ఆపేస్తే ఇది మామూలు ఆవిష్కరణ కథ. కానీ ఇదే టైంలో ఇంకో టేపు కూడా ఉంది. నన్ను ఆపేసింది అదే.

1940ల చివర్లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీర్లు వేరే దారి పట్టారు. మంచి పనివాడు ఒక పీస్‌ని స్వయంగా చేస్తాడు. ఆయన హ్యాండిళ్లు ఎలా తిప్పాడో అంతా మ్యాగ్నెటిక్ టేపు మీద రికార్డవుతుంది. తర్వాత టేపు ప్లే చేస్తే మెషీన్ అదే పీస్‌ని మళ్లీ మళ్లీ చేస్తుంది. దీన్ని రికార్డ్-ప్లేబ్యాక్ అన్నారు. తేడా గమనించారా? ఇక్కడ ప్రోగ్రాం రాసేది వర్క్‌షాప్‌లో చేతులు నల్లగా ఉన్న మనిషి. ఎంఐటీ పద్ధతిలో రాసేది ఆఫీసులో కూర్చున్న నాలాంటివాడు.

గెలిచింది అంకెలే. ఎందుకు? డేవిడ్ నోబుల్ అనే చరిత్రకారుడు 1984లో 'ఫోర్సెస్ ఆఫ్ ప్రొడక్షన్' అనే పుస్తకంలో గట్టిగా వాదించారు. ఇది టెక్నాలజీ మెరుగ్గా ఉండి గెలవడం ఒక్కటే కాదు, పని ఎంత స్పీడుగా జరగాలో పనివాడి చేతిలోంచి మేనేజర్ చేతిలోకి తీసుకోవాలన్న కోరిక కూడా అని. ఇంకో వైపు కూడా వినాలి. కొత్త విమానాల రెక్కల భాగాల్లో కొన్ని ఆకారాలు ఎంత మంచి పనివాడికైనా చేత్తో తిప్పి తీయడం అసాధ్యం. చేయి చేయలేనిదాన్ని టేపు మీద రికార్డ్ చేసేదేముంది? అక్కడ అంకెలు తప్ప దారి లేదు. నాకైతే రెండు వాదనల్లోనూ నిజం కనిపిస్తోంది.

ఇంకో సంగతి వినండి. ఆ రోజుల్లో జనరల్ ఎలక్ట్రిక్ పబ్లిసిటీ విభాగంలో కర్ట్ వానెగట్ అనే కుర్రాడు పనిచేసేవాడు. అక్కడ దానంతటదే కోసే మిల్లింగ్ మెషీన్ చూసి ఒక నవల రాశాడు. పేరు 'ప్లేయర్ పియానో'. అందులో రూడీ హెర్ట్జ్ అనే పనివాడి చేతి కదలికల్ని టేపులోకి ఎక్కించుకుంటారు. తర్వాత మెషీన్‌కి రూడీ అవసరం ఉండదు. పుస్తకం వచ్చింది 1952లో. ఎంఐటీ డెమో జరిగిన సంవత్సరమే.

మిగతా కథ త్వరగా చెప్పేస్తా. మొదట్లో ఈ మెషీన్లని కొనేవాళ్లు పెద్దగా లేరు. రేటు ఎక్కువ, ప్రోగ్రాం రాయడం నరకం. చివరికి ఎయిర్‌ఫోర్సే తన డబ్బుతో వందకు పైగా మెషీన్లు విమానాల ఫ్యాక్టరీల్లో పెట్టించింది. ప్రోగ్రాం రాసే బాధ తగ్గించడానికి ఎంఐటీలో డగ్లస్ రాస్ టీమ్ ఏపీటీ అనే భాష తయారు చేసింది. 1959 ఫిబ్రవరిలో ప్రెస్ మీట్ పెట్టి, దాంతో కోసిన అల్యూమినియం యాష్‌ట్రేలు విలేకరులకి గిఫ్టుగా ఇచ్చారు. అంటే యుద్ధ విమానాల కోసం పుట్టిన టెక్నాలజీ మీడియా ముందు చేసి చూపించింది ఒక షోపీస్. నా గొడ్డలికి అది పెద్దన్న అన్నమాట.

నేను వాడిన జీ-కోడ్ కూడా ఆ టేపుల కాలంలోనే పుట్టింది. జీ01 అంటే కోస్తూ తిన్నగా వెళ్లు, జీ02 అంటే గడియారం దిశలో వంపు తిరుగు. తర్వాత మైక్రోప్రాసెసర్లు వచ్చాయి, టేపు పోయింది, భాష మిగిలింది. 2009లో నార్వేకి చెందిన ఒక ప్రోగ్రామర్ గర్బుల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వదిలాడు. ఆర్డుయినో బోర్డు మీద నడుస్తుంది. అప్పటి నుంచి ఇంట్లో టేబుల్ మీద పెట్టుకునే చిన్న మెషీన్లు కూడా అదే భాష మాట్లాడుతున్నాయి. మన బాలానగర్ సంగతికొస్తే, 1968లో ఐక్యరాజ్యసమితి సాయంతో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ పెట్టింది అక్కడే. కాకా చదువుకుంది అందులో కాదు. హ్యాండిల్ తిప్పే మెషీన్ మీద హెల్పర్‌గా మొదలై, కాగితం టేపు మెషీన్ మీద పని నేర్చుకుని, ఇక్కడిదాకా వచ్చారు.

ఇప్పుడు గొడ్డలి దగ్గరికి వద్దాం.

గేమ్‌లో ఏ వస్తువైనా త్రిభుజాల వల. ఒక రకంగా పార్సన్స్ పాయింట్లే. గుండ్రంగా కనిపించేది దగ్గరికెళ్తే పలకలు పలకలుగా ఉంటుంది. పైగా గేముల్లో ఇలాంటి సన్నటి చెక్కడాలు చాలావరకు వెలుగునీడలతో చేసే మాయ. నిజంగా లోతు ఉండదు. అలాంటి మోడల్‌ని మెషీన్‌కి ఇస్తే నున్నటి రేకు వస్తుంది. అందుకే స్క్రీన్‌షాట్లు చూసి గొడ్డలి మీది అక్షరాలన్నీ మళ్లీ మోడల్ చేశాను. అంచు కోయకుండా 2 మిల్లీమీటర్ల మందంగా మొద్దుగా ఉంచాను. రెండు వైపులా చెక్కాలి కాబట్టి, దిమ్మని తిప్పినప్పుడు పక్కకి జరగకుండా రెండు డోవెల్ పిన్నులు పెట్టాం.

మొదటి వైపు బాగానే నడిచింది. రెండో వైపు అక్షరాల దగ్గర నేను ఫోన్‌లో వీడియో తీసుకుంటున్నా. కాకా అవతలి మెషీన్ దగ్గర ఎవరితోనో మాట్లాడుతున్నారు. మాట్లాడుతున్నవారు సడన్‌గా వచ్చి ప్యానెల్ మీద ఒక గుండ్రటి నాబ్ తిప్పారు. వంద నుంచి అరవైకి.

"ఏమైంది కాకా?"

"ఇనబడ్తలేదా? ఏడుస్తుంది."

నిజంగానే నాకు వినపడలేదు. ఆయన చెప్పాక వినపడింది. సన్నటి కీచు. లోపలి మూలల్లో కట్టర్ పక్కలకి మెటల్ ఎక్కువ తగులుతుంది, వణుకు మొదలవుతుంది. నేనేమో మూల అయినా మైదానం అయినా నిమిషానికి 1000 మిల్లీమీటర్లు అని ఒకటే స్పీడ్ రాసిపెట్టాను. ఇంకొంచెం సేపు అలాగే పోయుంటే 6 మిల్లీమీటర్ల కట్టర్ విరిగేది, రెండు రోజుల పని పాడయ్యేది. సిమ్యులేషన్‌లో అంతా పచ్చగానే చూపించింది. సిమ్యులేషన్‌కి చెవుల్లేవు కదా.

ఆ నాబ్ పేరు ఫీడ్ ఓవర్‌రైడ్. షాపుల్లో నడిచే సీఎన్‌సీ మెషీన్లన్నిటికీ దాదాపు ఉంటుంది. టేపు ఏం చెప్పినా సరే, స్పీడ్ తగ్గించే పెంచే అధికారం అక్కడ నిలబడ్డ మనిషికి ఇచ్చే నాబ్. డెబ్బై ఏళ్ల కిందట పోటీలో ఓడిపోయిన చేయి పూర్తిగా బయటికి పోలేదు. ఆ నాబ్ మీద ఉండిపోయింది.

అంతా అయ్యాక గొడ్డలి మీద సన్నటి గీతలు మిగిలాయి. గుండ్రటి కొన ఉన్న కట్టర్ పక్కపక్కన వెళ్తే గీతకీ గీతకీ మధ్య మిగిలే గట్లు. ఇంటికి తెచ్చి మూడు సాయంత్రాలు ఎమ్రీ పేపర్‌తో రుద్దాను. ట్రావర్స్ సిటీలో ఆకురాయితో చేసిన పనే. పాయింట్లు 200 కాస్తా లక్షలయ్యాయి, చివరి మెట్టు మాత్రం ఇప్పటికీ చేతిదే.

ఇక అసలు మాట. నా ఫైల్ కావాలని చాలామంది అడిగారు. మొన్న షేర్ చేద్దామని తెరిచి చూస్తే, అందులో ఇంకా 1000 అనే ఉంది. కాకా నాబ్ తిప్పింది మెషీన్ ఎక్కడా సేవ్ చేయలేదు. పీస్ బాగా వచ్చింది కాబట్టి ఫైల్ కరెక్ట్ అని నేను అనుకుంటాను, మీరు డౌన్‌లోడ్ చేస్తారు, మీ కట్టర్ విరుగుతుంది. పనిని కాపాడిన నిర్ణయం ఒక మనిషిది, పేరు మాత్రం ఫైల్‌ది. ఇలాంటి ఫైళ్లు ఎన్ని ఉంటాయో ఆలోచించండి.

అందుకే మళ్లీ బాలానగర్ వెళ్లి కాకాతో కూర్చుని మూలలన్నీ 600కి మార్చాను. జీ-కోడ్‌లో బ్రాకెట్ల మధ్య ఏం రాసినా మెషీన్ పట్టించుకోదు, అది మనుషులు చదువుకోవడానికే. అక్కడ ఒక లైను చేర్చాను: ఈ స్పీడ్ కాకా చెవితో విని చెప్పింది, పెంచకండి.

ఆయనకి చూపిస్తే నవ్వి, "మంచిగుంది గని, నీ మెషీన్ చప్పుడు నువ్వే ఇనాలె" అన్నారు. ఫైల్ షేర్ చేస్తున్నా. నడిపేటప్పుడు చెవుల్లో ఇయర్‌ఫోన్స్ మాత్రం పెట్టుకోకండి. మళ్లీ కలుద్దాం.