ఆటలమ్మ ఇంట పరిచర్య: పూర్వాపరాలు



మాఘం వెళ్లి ఎండలు ముదరనారంభించగానే అమ్మవారి ఆలయాలకు వచ్చే తల్లుల ముఖాలలో ఒక దిగులు కనిపిస్తుంది. ఇంట ఏడాదిన్నర, రెండేళ్ల బిడ్డకు ఆటలమ్మ పోసి ఉంటుంది. ఒళ్లు కాలిపోతున్నది, బిడ్డ అన్నం ముట్టడం లేదు, రాత్రి కునుకు లేదు. "మందు వేయిస్తే అమ్మకు ఆగ్రహం కలుగుతుందా?" అని వారు లోగొంతుకతో అడుగుతారు. దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పి పంపవచ్చును. కాని మన పెద్దలు ఈ పరిచర్యను ఏ కాలంలో, ఏ వ్యాధిని ఎదుట పెట్టుకొని ఏర్పరచుకొన్నారో తెలిసినప్పుడు గాని ఆ జవాబు మనస్సుకు పట్టదు. అందుచేత ముందుగా కొంత చరిత్ర చెప్పుకొందాము.

తెలుగునాట పొక్కులతో వచ్చే జ్వరాలకు అమ్మవారి పేరే పెట్టుకొన్నారు. ప్రాణాంతకమైన మశూచి పెద్దమ్మవారు, ఆటలమ్మ చిన్నమ్మవారు. "జబ్బు చేసింది" అనరు, "అమ్మవారు పోసింది" అంటారు. కోస్తా సీమలో పోలేరమ్మ, తెలంగాణలో పోచమ్మ, ఉత్తరాదిన శీతల, ఇలా పేర్లు మారినా భావమొక్కటే. తాపం తానే అయిన తల్లి, తాపాన్ని చల్లార్చేదీ తానే. గాడిదనెక్కి, ఒక చేత చీపురు, ఒక చేత నీటికుండ ధరించి, శిరస్సుపై చేట పెట్టుకొన్న శీతలాదేవి రూపాన్ని ధ్యానించే స్తోత్రం స్కాందపురాణానికి చెందినదిగా ప్రసిద్ధము. దేవత చేతిలోని వస్తువులను గమనించండి. చీపురు, నీరు, చేట: మూడూ ఇల్లు శుభ్రపరచుకొనే ఇల్లాలి సామగ్రియే.

వైద్యగ్రంథాలలో ఈ వ్యాధి మసూరిక అనబడినది. పొక్కులు మసూరపప్పు గింజలవలె ఉంటాయి గనుక ఆ పేరు. మన మశూచి శబ్దం దానికి చుట్టమే. చరక సుశ్రుత సంహితలలో దీని ప్రస్తావన క్లుప్తంగా ఉన్నది. మాధవకరుని నిదానగ్రంథంలో దీనికి ఒక ప్రత్యేక ప్రకరణమే ఏర్పడినది. 16వ శతాబ్దినాటి భావమిశ్రుని భావప్రకాశంలో శీతల పేరు వైద్యంలో ప్రవేశించినది. ఇంటిలోపల చుట్టూ వేపాకులు కట్టాలని, శీతలోపచారాలు చేయాలని, అశుచిగా ఉన్నవారిని రోగి దరికి రానీయరాదని అందులో విధించారు. శీతలాస్తోత్ర పఠనమూ అక్కడే చెప్పబడినది. అయితే అదే గ్రంథంలో మసూరికకు కషాయాలూ, ఔషధయోగాలూ కూడా ఉన్నవి. స్తోత్రం వ్రాసిన చేతితోనే మందు కూడా వ్రాశారు. ఈ విషయం మన తల్లుల ప్రశ్నకు సగం సమాధానము.

మరి మందు ముట్టరాదన్న కట్టుబాటు ఇంత బలంగా ఎలా నిలిచినది? మశూచిని తలచుకొంటే అర్థమవుతుంది. టీకా లేనివారికి ఆ వ్యాధి ఉగ్రరూపంలో సోకితే పదిమందిలో ముగ్గురు మరణించేవారు. బ్రతికినవారిలో ముఖమంతా స్ఫోటకపు మచ్చలు పడినవారు, కన్ను పోయినవారు ఎందరో. అది భూమిపై ఉన్నంతకాలమూ దానిని నిశ్చయంగా కుదిర్చే మందు ఏ దేశంలోనూ దొరకలేదు. అటువంటి చోట మందు మానుకొనుట వలన పోయేది ఏమీ లేదు. చల్లదనము, విశ్రాంతి, శుభ్రత, ఓర్పు, వీటి వలన దక్కేవారు దక్కేవారు. ఆనాటి స్థితిలో ఆ కట్టుబాటు తెలివిమాలినది కాదు.

ఆ పరిచర్యను మన ఇండ్లలో చూసినవారు ఇంకా ఉన్నారు. గుమ్మానికి వేపమండలు కట్టేవారు. అది బాటసారికి కూడా తెలిసే హెచ్చరిక. పరాయివారు లోపలికి రారు. బిడ్డను మెత్తని పాత నూలుబట్టపై, లేత వేపాకు పరచి పడుకోబెట్టేవారు. ఇంట పోపు పెట్టరు, మాంసం వండరు. చాకలికి బట్టలు వేయరు. దంపతులు నియమంతో ఉంటారు. ఒక్కరే, సాధారణంగా తల్లి గాని నాయనమ్మ గాని, బిడ్డను అంటిపెట్టుకొని కూర్చుంటారు. దురద పుట్టినప్పుడు వేపరెమ్మతో మెల్లగా నిమురుతారు. బిడ్డను కసరరు, ఎంత పేచీ పెట్టినా చేయి చేసుకోరు, ఎందుకంటే ఆ ఒంటిలో ఉన్నది అమ్మ. పసిబిడ్డను విసుగు లేకుండా పది దినాలు సేవించుటకు ఇంతకంటే గట్టి ఆజ్ఞ మరొకటి కనబడదు. ఈ ఒక్క నియమం కోసమైనా మన పూర్వులకు నమస్కరించవచ్చును.

బట్టల నియమానికి కూడా కారణమున్నది. మశూచి పొక్కుల చెక్కులలో వ్యాధిబీజం చాలాకాలం బ్రతికి ఉండేది. దుప్పటి ద్వారా కూడా ఊరు దాటగలిగేది. ఆటలమ్మ సంగతి అది కాదు. ఎండి చెక్కు కట్టిన పొక్కు వలన అది అంటదు.

ఈ రెండు వ్యాధులు వేరు వేరని లోకానికి స్పష్టంగా నిరూపించినవాడు విలియం హెబర్డెన్ అనే ఆంగ్ల వైద్యుడు. 1767లో లండన్ వైద్యుల కళాశాలలో ఆయన తన వ్యాసాన్ని చదివాడు. విచిత్రమేమంటే, అదే 1767లో అదే కళాశాల వారిని ఉద్దేశించి హాల్వెల్ అనే మరొకరు వంగదేశంలోని టీకాదారుల పద్ధతిని వర్ణిస్తూ ఒక పుస్తకం వెలువరించాడు. దాని ప్రకారం, వ్యాధి విజృంభించే ఋతువుకు ముందే కొందరు బ్రాహ్మణులు ఊరూరా తిరిగేవారు. కొన్నాళ్ల ముందు నుంచి చేప, పాలు, నెయ్యి మానిపించేవారు. గడచిన సంవత్సరపు పొక్కుల నుండి తీసి భద్రపరచిన రసిని గంగాజలంతో తడిపి, చేతిపై చిన్న గాటు పెట్టి అద్దేవారు. పని జరుగుతున్నంతసేపు మంత్రపఠనం సాగేది. అటుపైన చన్నీటి స్నానాలు, పథ్యము. తేలికగా వ్యాధి వచ్చి పోయి, పెద్ద ప్రమాదం తప్పేది. అపాయం లేని పద్ధతి అనలేము. అయినను అమ్మను పూజించే చేతులే అమ్మ పేరిట చికిత్స చేశాయన్నది చరిత్ర. భక్తికీ వైద్యానికీ వైరమని ఆ టీకాదారులెవరూ అనుకోలేదు.

1796లో జెన్నర్ కనుగొన్న గోమశూచి టీకా 1802లో బొంబాయి చేరినది. ఆ సంవత్సరం జూన్ 14న ఈ దేశంలో మొదటిసారి అది పనిచేసినదీ మూడేళ్ల పసిపాపకే. మద్రాసులో ఎల్లిస్ దొర, అనగా 1816లో తెలుగు మొదలైన దక్షిణాది భాషలది వేరొక కుటుంబమని తెలియజేసిన పండితుడు, ఈ టీకాను మెచ్చుకొంటూ సంస్కృతంలో శ్లోకాలు కూర్చాడు. ప్రాచీనమని జనం నమ్ముటకు వాటిని పాత కాగితంపై వ్రాయించారని ఆ కాలపు వారే చెప్పుకొన్నారు. అంత కపటం అవసరమా అనిపిస్తుంది. భావప్రకాశం తెరచి చూపితే సరిపోయేది గదా!

తరువాతి కథ మన పెద్దలు కన్నులారా చూసినదే. 1974లో ఒక్క ఏడాదిలో మన దేశంలో 1,88,000 మందికి మశూచి సోకినది, 31,000 మందికి పైగా మరణించారు. మరుసటి ఏడు, 1975 మే నెలలో, చివరి రోగి కనిపించినది. 1977లో భారతదేశం, 1980 మే 8న సమస్త ప్రపంచమూ మశూచి నుండి విముక్తి పొందినట్లు ప్రకటించబడినవి. పెద్దమ్మవారు శాశ్వతంగా శాంతించినది. చిన్నమ్మవారు మాత్రం ఇంకా ఇంటింటికీ వచ్చిపోతూనే ఉన్నది. నాటి మహావ్యాధికి ఏర్పడిన కట్టుబాట్లనే మనము నేటికీ దీనికి వర్తింపజేస్తున్నాము. చిక్కంతా ఇక్కడనే ఉన్నది.

ఆటలమ్మ కారకము ఒక వైరస్. సోకిన 10 నుండి 21 దినాలలో పొక్కులు బయలుదేరతాయి. మశూచి పొక్కులు ముఖము, చేతులు, కాళ్లపై దట్టంగా, అన్నీ ఒకే దశలో ఉండేవి. ఆటలమ్మవి వీపు, పొట్టపై ఎక్కువ. ఒకటి ఎర్రమచ్చ, ఒకటి నీటిబుడగ, ఒకటి చెక్కు, ఇలా అన్ని దశలూ ఒకే చోట కనబడతాయి. తగ్గిన తరువాత కూడా ఆ వైరస్ నాడుల మూలాలలో నిద్రిస్తుంది. వృద్ధాప్యంలోనో బలహీనదశలోనో మేల్కొని, ఒంటికి ఒక పక్కన మంటతో కూడిన పొక్కుల వరుసగా లేస్తుంది. మన పల్లెలలో అక్కి అని కుమ్మరిచేత ఎర్రమట్టితో వ్రాయించుకొనేది దానినే. అక్కి ఉన్న పెద్దలను అంటుకొని ఉన్న పిల్లలకు ఆటలమ్మ వస్తున్నదని 19వ శతాబ్దిలోనే హంగేరీ వైద్యుడు బోకాయ్ గుర్తించాడు. తాతగారికి అక్కి లేచినప్పుడు మనుమణ్ణి ఒడిలో కూర్చోబెట్టుకొనక, పొక్కులను బట్టతో కప్పి ఉంచుకొనుట ఉచితము.

దీని టీకా వెనుక కూడా ఒక తండ్రి జాగరణ ఉన్నది. జపాను దేశస్థుడైన మిచియాకి తకహాషి 1964లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో పరిశోధన చేస్తుండగా ఆయన మూడేళ్ల కుమారునికి ఆటలమ్మ తీవ్రంగా పోసినది. జ్వరం పెరిగి, బిడ్డ ఊపిరి కూడా కష్టమైనది. తల్లిదండ్రులు రాత్రి కంటిమీద రెప్ప వేయలేదు. బిడ్డ కోలుకొన్నాడు, తండ్రి మరచిపోలేదు. స్వదేశం చేరి, ఓకా అనే ఇంటిపేరు గల ఒక బాలుని పొక్కుల నుండి తీసిన వైరస్‌ను బలహీనపరచి, 1974లో టీకాను లోకానికి వెల్లడించాడు. ఆ బాలుని ఇంటిపేరే నేటికీ ఆ టీకా మూలానికి నిలిచి ఉన్నది. పసిబిడ్డ మంచం పక్కన మన నాయనమ్మ చేసిన జాగరణకూ, ఆ శాస్త్రజ్ఞుని జాగరణకూ భేదమేమి? ఏడాది దాటిన బిడ్డకు ఈ టీకా రెండు మోతాదులుగా వేయించవచ్చును, శిశువైద్యుని అడగాలి.

ఇక ఇంటి పరిచర్య. వేపమండలు, పాత నూలుబట్టలు, ఒక్కరే అంటిపెట్టుకొనుట, బిడ్డను కసరకుండుట, వీటిని నిస్సంకోచంగా కొనసాగించండి. మార్చుకొనవలసినవి కొన్ని ఉన్నాయి. మొదటిది స్నానము. చెక్కులు రాలేవరకు నీళ్లు తగలరాదన్న నియమం బిడ్డకు మేలు చేయదు. ప్రతిదినమూ గోరువెచ్చని నీటితో కొద్దిసేపు స్నానం చేయించి, రుద్దకుండా మెత్తని బట్టతో అద్దితే దురద తగ్గుతుంది, పొక్కులు చీము పట్టవు. గోళ్లు పొట్టిగా కత్తిరించి, రాత్రివేళ చేతులకు పలుచని నూలు మేజోళ్లు తొడగాలి. ఆ వయస్సు బిడ్డకు గోకవద్దంటే తెలియదు గదా. దురదకు కెలమైన్ లోషన్ పూయవచ్చును. చితికిన పొక్కులపై పసరులు, బూడిద పూయరాదు.

నోటిలో కూడా పొక్కులు లేస్తాయి. బిడ్డ తినకపోవడానికి ముఖ్యకారణం అదే. పులుపు, కారం మాని చల్లని పెరుగన్నం, సగ్గుజావ, కొబ్బరినీళ్లు కొద్దికొద్దిగా ఇవ్వాలి. చనుబాలు త్రాగే బిడ్డకు మానిపించరాదు. ఆహారం రెండు దినాలు తగ్గినా భయం లేదు, నీరు తగ్గితే భయమే.

జ్వరానికి పారసెటమాల్, బిడ్డ బరువును బట్టి వైద్యుడు చెప్పిన మోతాదులో ఇవ్వవచ్చును. అమ్మ ఆగ్రహించదు. కాని ఆస్పిరిన్ మాత్రం ఎంతమాత్రం ఇవ్వరాదు. ఇటువంటి జ్వరాలలో దానిని వాడిన పిల్లలకు మెదడును, కాలేయాన్ని దెబ్బతీసే ఒక భయంకర స్థితి కలుగగలదు. 1963లో రై అనే వైద్యుడు ఆ స్థితిని వర్ణించగా, ఆస్పిరిన్‌తో దానికి గల సంబంధం 1980 తరువాత తేలినది. ఐబుప్రొఫెన్ కూడా ఆటలమ్మలో వాడరాదు. దానితో చర్మంలోని పుండ్లు విషమించే ప్రమాదం చెప్పబడినది. దుకాణంలో అడిగి తెచ్చిన జ్వరపు మందు పేరు చదవకుండా బిడ్డ నోట పోయకండి.

నాలుగు దినాలు దాటినా జ్వరం దిగకపోయినా, దిగి మరల వచ్చినా, ఊపిరి వేగంగా ఆడినా, బిడ్డ మగతగా ఉండి లేవకపోయినా, నడక తూలినా, ఫిట్స్ వచ్చినా, మాటిమాటికి వాంతులైనా, ఒక పొక్కు చుట్టూ ఎర్రగా వేడిగా వాచినా, ఆరేడు గంటలు మూత్రం రాకపోయినా, మ్రొక్కు మనస్సులోనే మ్రొక్కుకొని ఆ క్షణమే ఆస్పత్రికి బయలుదేరాలి. తెల్లవారనిద్దామని కూర్చోరాదు. ఏడాది నిండని శిశువునకు, వేరే జబ్బుకు స్టెరాయిడ్ మందులు వాడుతున్న బిడ్డకు ఆటలమ్మ పోస్తే ఈ లక్షణాల కోసం ఎదురుచూడకుండా మొదటిదినమే చూపించాలి.

ఇంటిలో గర్భవతి ఉన్నట్లయితే, ఆమెకు పూర్వం ఆటలమ్మ పోయనట్లయితే, వెంటనే వైద్యునికి తెలియజేయాలి. ప్రసవానికి అయిదు దినాల ముందు మొదలుకొని రెండు దినాల తరువాత వరకు తల్లికి పోస్తే పుట్టిన శిశువుకు ప్రాణాపాయము. "పిల్లలందరికీ ఒకేసారి పోసిపోతే పీడ వదులుతుంది" అని పక్కింటి పిల్లలను తెచ్చి కూర్చోబెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉన్నది, అది తగదు. పొక్కులు కనబడటానికి ఒకటి రెండు దినాల ముందే ఇది అంటుతుంది గనుక, ఇంటిలోని తక్కిన పిల్లలను మూడు వారాలు కనిపెట్టి చూడాలి.

చివరి చెక్కు కట్టిన దినాన వేపాకు, పసుపు వేసి కాచి చల్లార్చిన నీటితో తలకు పోసి, అమ్మకు పెరుగన్నం, చలిమిడి నివేదించే ఆచారమున్నది. దానిని తప్పక జరుపుకొనండి. అంతవరకు బిడ్డను గుడికి తీసుకొని రావద్దు. ఆలయ ప్రాంగణంలో చంటిబిడ్డలు, గర్భవతులు ఉంటారు. ఇంట ఇదివరకే ఆటలమ్మ పోసిన పెద్దవారెవరైనా వచ్చి బిడ్డ పేరు, గోత్రం చెప్పినయెడల అర్చకులు అర్చన జరిపి కుంకుమ, తీర్థం ఇచ్చి పంపగలరు.