ఎమ్మెల్యే ఇటు, ఓటరు అటు

ఇప్పటి వి.ఆర్.పురం మండలంలో 1950లో పుట్టిన ఒక కోయ పెద్దాయనను అనుకుందాం. పుట్టిన గూడెం వదిలి ఎక్కడికీ పోలేదు. పుట్టినప్పుడు ఆయనది మద్రాసు రాష్ట్రం, తూర్పు గోదావరి జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలను ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014లో మళ్ళీ తూర్పు గోదావరి అన్నారు. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా అన్నారు. ఆయన తాత ముత్తాతల సంగతి ఇంకా వెనక్కి పోతుంది. 1860లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషు వాళ్ళకు రాసిచ్చాడు. కొన్నాళ్ళు మధ్య పరగణాల కింద ఎగువ గోదావరి జిల్లా అన్నారు. 1874లో మద్రాసు వైపు గోదావరి జిల్లాలో కలిపారు. శబరి అక్కడే పారింది, కొండలు అక్కడే ఉన్నాయి. గీతలే కదిలాయి.

మన బడుల్లో పిల్లల్ని "మీది ఏ జిల్లా?" అని అడుగుతాం. మన ఏజెన్సీలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే చరిత్ర చెప్పాలి. సొంత జిల్లాలో ఒక శాసనసభ్యుడు చేసే పని గురించి రాయాలని కూర్చున్నప్పుడు మాకు మొదట తట్టింది ఈ చిక్కే. జిల్లాయే స్థిరంగా లేని చోట సొంత జిల్లా అంటే ఏమిటి?

ముందు ఆ పని ఎలాంటిదో చూద్దాం. శాసనసభ సమావేశాలు లేని వారంలో ఏజెన్సీ ఎమ్మెల్యే దినచర్య మైదాన ప్రాంతపు ఎమ్మెల్యే దినచర్యలా ఉండదు. సోమవారం భద్రాచలం ఐటిడిఎ కార్యాలయంలో గిరిజన దర్బార్. ప్రాజెక్టు అధికారి ముందు అర్జీలు పట్టుకొని జనం వరుస కడతారు. చాలామంది ముందురోజే బయలుదేరి వస్తారు. మిగతా రోజుల్లో ఏదో ఒక ఊళ్ళో సంత ఉంటుంది. గూడెం గూడెం తిరిగినా దొరకని మనుషులు సంతలో దొరుకుతారు. చింతపండు, ఇప్పపువ్వు, తపసి జిగురు తూకం దగ్గరే తగాదాలు మొదలవుతాయి. ఎండాకాలమైతే తునికాకు కల్లం. 50 ఆకుల కట్టకు ఎంత ఇస్తారన్నదే ఆ నెలలో అసలు రాజకీయం. వానాకాలమైతే జ్వరాలు, తెగిన వాగులు, డోలీలో మోసుకొచ్చే గర్భిణులు. ఆశ్రమ పాఠశాలలో అన్నం బాగాలేదని పిల్లలు అలిగితే అక్కడికి పోవాలి. పోడులో మొక్కలు పీకారని కబురొస్తే ఫారెస్టు వాళ్ళ దగ్గరికి పోవాలి.

వీటిలో బయటివాళ్ళకు కనపడని పని ఒకటుంది. అది మాట మార్చడం. కోయలో చెప్పిన బాధను తెలుగు అర్జీగా మార్చాలి, ఆ అర్జీని మళ్ళీ సర్కారు భాషలోకి మార్చాలి. ఒక ముసలమ్మ తన భూమి గురించి చెబితే అందులో తాత కొట్టిన చెట్టు ఉంటుంది, వాగు మలుపు ఉంటుంది, ఏ పండుగ నాడు తొలి విత్తనం వేశారో ఉంటుంది. కాగితం మీదికి వచ్చేసరికి అదంతా పోతుంది. "సర్వే నంబరు తెలియదు" అన్న ఒక్క ముక్క మిగులుతుంది. అర్జీ రాసేవాడు గిరిజనేతరుడైతే, ఆ భూమిలో ఇప్పుడున్నది అతని చుట్టమే అయితే, ఆ ముక్క కూడా మిగలదు. 1970లో వచ్చిన 1/70 చట్టం ఏజెన్సీలో ఏ భూమీ గిరిజనేతరుల చేతికి మారకూడదని చెప్పింది. గిరిజనేతరుడి చేతిలో ఉన్న ఏజెన్సీ భూమి ఆదివాసీ నుంచి వచ్చిందేనని ముందుగా భావించాలని కూడా చెప్పింది. ఇంత బలమైన చట్టం ఉన్నా కేసు పెట్టాలంటే ఎవరో ఒకరు ఆ ముసలమ్మ మాటను పూర్తిగా వినాలి. కోయ తెలిసిన ఎమ్మెల్యే ఉండటంలోని విలువ మాకు ఇక్కడ కనపడుతుంది. రిజర్వుడు సీటును కులం లెక్కగానే చూసేవాళ్ళకు ఇది అర్థం కావడం కష్టం.

ఈ గోదావరి ఏజెన్సీ అలాంటి మనుషుల్ని కొందరిని చూసింది. కుంజా బొజ్జి భద్రాచలం నుంచి 1985, 1989, 1994లో వరుసగా మూడుసార్లు సిపిఎం తరఫున గెలిచారు. ఆయన మొదటిసారి ఎమ్మెల్యే అయిన మరుసటి ఏడాదే, 1986 ఆగస్టులో, భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. ఇప్పటికీ ఆ లెక్కను దాటిన వరద లేదు. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగుల దగ్గర ఇస్తారంటే ఆ ఏడాది కూనవరం, వి.ఆర్.పురం గూడేల గతి ఏమై ఉంటుందో ఊహించవచ్చు. పక్కనే ఇల్లందులో గుమ్మడి నర్సయ్య 1983 నుంచి 2004 మధ్య అయిదుసార్లు గెలిచారు. భద్రాచలంలో బొజ్జి తరువాత సున్నం రాజయ్య వచ్చారు. 1999లో, 2004లో గెలిచారు. 2009లో కాంగ్రెస్ తరఫున కుంజా సత్యవతి గెలిచారు. 2014లో మళ్ళీ రాజయ్య.

వీళ్ళ గురించి పత్రికలు ఎప్పుడు రాసినా ఒకటే రాస్తాయి. నర్సయ్య సైకిల్, రాజయ్య ఆర్టీసీ బస్సు. ఆ నిరాడంబరత నిజమే, మనకు గర్వమే. కానీ సైకిల్ దగ్గరే కథ ఆపేయడం మాకు నచ్చదు. బస్సులో అసెంబ్లీకి వెళ్ళిన మనిషి అక్కడ దిగి ఏం అడిగాడన్నది కదా ముఖ్యం. మన పిల్లలకు ఆ బస్సు కథ తెలుసు. పోడు గురించి, ముంపు గురించి, తునికాకు బోనస్ గురించి సభలో జరిగిన వాదన తెలియదు. గిరిజన ఎమ్మెల్యేను మంచి మనిషిగా మెచ్చుకొని, రాజకీయ మనిషిగా మరిచిపోవడం ఒక అలవాటైపోయింది.

రాజయ్య కథలో 2014ను కాస్త నిదానంగా చెప్పుకోవాలి.

ఆ ఏడాది ఏప్రిల్ 30న తెలంగాణ ప్రాంతంలో పోలింగ్ జరిగింది. అప్పటి భద్రాచలం నియోజకవర్గంలో ఎనిమిది మండలాలు. భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం, వాజేడు, చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం. అన్ని మండలాల వాళ్ళూ ఓట్లు వేశారు. మే 16న ఫలితాలు వచ్చాయి. రాజయ్య గెలిచారు. సరిగ్గా 13 రోజులకు, మే 29న, కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది. పోలవరం ప్రాజెక్టు ముంపు కింద వచ్చే మండలాలను ఆంధ్రప్రదేశ్‌కు బదలాయించింది. జూలైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం పూర్తిగా పోయాయి. భద్రాచలం మండలంలో పట్టణం తప్ప మిగతాది పోయింది. కుక్కునూరు, వేలేరుపాడు, బూర్గంపాడులో కొన్ని ఊళ్ళు కూడా పోయాయి. రాజయ్య, ఆయన పార్టీ దీన్ని వ్యతిరేకించారు. ఏ రాష్ట్రంలో ఉంటారని గ్రామసభను అడిగినవాళ్ళు లేరు.

రాజయ్య సొంతూరు సున్నంవారిగూడెం. అది వి.ఆర్.పురం మండలం. అంటే తెలంగాణ శాసనసభ్యుడి ఇల్లు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళింది. ఆయన ఊరివాళ్ళు, ఆయనకు ఓటు వేసినవాళ్ళు, ఇక ఆయన ఓటర్లు కారు. దీన్ని వింతగా చెప్పుకొని నవ్వుకున్నవాళ్ళు ఉన్నారు. మాకు నవ్వు రాదు. ఎందుకంటే అవతలి వైపు ఖాళీ ఉంది. ఆ మండలాల వాళ్ళు ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఎవరినీ ఎన్నుకోలేదు. వాళ్ళు ఎన్నుకున్న మనిషి తెలంగాణ సభలో కూర్చున్నాడు. ఆ మండలాలను తరువాత రంపచోడవరం నియోజకవర్గంలో కలిపారు గానీ, అక్కడ ఓటు వేసే అవకాశం వచ్చింది 2019లోనే. మధ్యలో అయిదేళ్ళు. పోలవరం భూసేకరణ, పునరావాసం, ఏ కాంటూరు వరకు ముంపు అన్న లెక్కలు, ప్యాకేజీ జాబితాల్లో పేర్లు, ఇవన్నీ నలిగిన అయిదేళ్ళు అవే. లక్షకు పైగా కుటుంబాలను కదిలించే ప్రాజెక్టు అది. ఆ కుటుంబాల్లో అత్యధికం ఈ మండలాల్లో ఉన్నవాళ్ళే. మాట కావలసిన సమయంలోనే తాము ఎన్నుకున్న నోరు లేకుండా పోయింది.

చట్టంలో అడగడానికి చాలానే ఉంది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం భూమి కోల్పోయే షెడ్యూల్డ్ తెగల కుటుంబానికి భూమికి బదులు భూమి ఇవ్వాలి. పోయినంత, లేదా రెండున్నర ఎకరాలు, ఏది తక్కువైతే అది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న పోడుకు హక్కు వస్తుంది. ఆ హక్కు తేల్చిన తరువాతే కదిలించాలి. పట్టా లేని పోడుకు పరిహారం రాదు కాబట్టి, హక్కు పత్రం ముందా ముంపు ముందా అన్నది ఒక్కో ఇంటికీ చావు బతుకుల లెక్క. అవతలి రాష్ట్రం వాళ్ళ గురించి తెలంగాణ సభలో అడిగితే జవాబు చెప్పాల్సిన మంత్రి అక్కడ ఉండడు. పైగా ఆ సభలో రాజయ్య సిపిఎంకు ఉన్న ఒకే ఒక్క సభ్యుడు. 119 మందిలో ఒక్క సభ్యుడున్న పార్టీకి మాట్లాడేందుకు దక్కే నిమిషాలు ఎన్నో తెలిసిందే.

భద్రాచలం పట్టణం సంగతీ వింతగానే తయారైంది. చుట్టూ ఉన్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు పంచాయతీలు అవతలికి పోయాయి. రామాలయం భూములు పురుషోత్తపట్నంలో ఉండిపోయాయి. పట్టణం చెత్త పోయడానికి కూడా చోటు వెతుక్కోవలసి వచ్చింది. అవతలి వాళ్ళకు జ్వరమొస్తే దగ్గరి పెద్దాసుపత్రి భద్రాచలమే. కానీ జిల్లా కలెక్టరును కలవాలంటే మారేడుమిల్లి ఘాట్ దాటి కాకినాడ వెళ్ళాల్సి వచ్చేది. 2022లో అది పాడేరుకు మారింది. అదీ దగ్గరేమీ కాదు. చింతూరులో వేరే ఐటిడిఎ పెట్టడం ఒక్కటే కొంత ఊరట.

ఇక్కడ రాజ్యాంగం మాట ఎత్తక తప్పదు. అయిదవ షెడ్యూలులో గిరిజన సలహా మండలి అని ఒకటుంది. 20 మందికి మించని ఆ మండలిలో వీలైనంత వరకు నాలుగింట మూడు వంతులు శాసనసభలోని షెడ్యూల్డ్ తెగల సభ్యులే ఉండాలి. ఏజెన్సీ భూమి గురించి గవర్నరు నిబంధన చేయాలంటే ముందు ఆ మండలిని సంప్రదించాలి. కాగితం మీద ఇది మన ఎమ్మెల్యేలకు ఉన్న పెద్ద ఆయుధం. కాగితం మీదే దాని లోపమూ ఉంది. గవర్నరు పంపిన విషయాల మీద సలహా ఇవ్వడం దాని విధి. తనంతట తాను ఎత్తుకొని నిర్ణయం చేసే అధికారం రాయలేదు. రాష్ట్ర సరిహద్దు మార్చేటప్పుడు ఆ మండలిని అడగాలని ఎక్కడా లేదు. సంతలో, దర్బారులో, వాగు ఒడ్డున ఎమ్మెల్యే ఎంత కష్టపడినా, ఆయన జనం ఏ రాష్ట్రంలో ఉండాలన్న ప్రశ్న ఆయన చేతికి రాని చోట తేలింది. మన యువకులు రాజ్యాంగం చదివేటప్పుడు ఆ షెడ్యూలులోని నాలుగో పేరాను, అయిదో పేరాను పక్కపక్కన పెట్టుకొని చదవాలని మా కోరిక. పోటీ పరీక్షల కోసం కాదు.

2018 డిసెంబరులో తెలంగాణ ఎన్నికలు వచ్చాయి. భద్రాచలం నియోజకవర్గం అప్పటికి భద్రాచలం పట్టణం, దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం, వాజేడుగా మిగిలింది. 2019లో రాజయ్య ఆంధ్రప్రదేశ్‌లోని రంపచోడవరం నుంచి పోటీ చేశారు. రెండు రాష్ట్రాల్లో పోటీ చేశాడని కొందరు రాశారు. ఆయన మాత్రం తన ఊరి నుంచే పోటీ చేశాడు, రాష్ట్రమే మారింది. ఓడిపోయారు. 2020 ఆగస్టులో కరోనాతో చనిపోయారు. మరుసటి ఏప్రిల్‌లో కుంజా బొజ్జి కూడా పోయారు.

2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు వచ్చింది. నీటిమట్టం కొలిచింది తెలంగాణలో. శబరి ఎగదన్ని కూనవరం, వి.ఆర్.పురం గూడేలు మునిగింది ఆంధ్రప్రదేశ్‌లో. జనం కొండల మీదికి ఎక్కి టార్పాలిన్ల కింద రోజులు గడిపారు. ఎటపాక వైపు అయిదు పంచాయతీల వాళ్ళు తమను తెలంగాణలో కలపాలని రోడ్డెక్కారు. ఈసారి ఆ అర్జీని ఏ సభలో ఇవ్వాలో వాళ్ళకూ స్పష్టంగా తెలియదు. రెండు వైపులా ఇచ్చారు.