పుట్టుకకు ముందరి ఎదుగుదల: ఒక వాక్యానికి వ్యాఖ్య

‘గర్భంలో ఎదుగుదల తగ్గిన బిడ్డకు పెద్దయ్యాక గుండెజబ్బు వచ్చే అవకాశం హెచ్చు.’ ఈ మాట విని బందరులోనో గుడివాడలోనో చిన్న బిడ్డను కన్న తల్లి తన తప్పేమోనని కుమిలిపోవచ్చు. అందుకే పదం పదం విడదీసి చూడాలి.

ఎదుగుదల. అంటే బరువు కాదు. బరువు దానికి గుర్తు మాత్రమే. 2.5 కిలోల లోపుంటే తక్కువ బరువంటారు. అయితే 37 వారాలు నిండకుండా పుట్టి తూగని బిడ్డ వేరు, నెలలు నిండీ తూగని బిడ్డ వేరు. మన వాక్యం ముఖ్యంగా రెండో రకం బిడ్డ గురించి. ఆ గుర్తు కూడా అన్నిసార్లూ కనిపించదు. నెదర్లాండ్స్‌లో 1944-45 చలికాలపు కరువు నాటికి కడుపులో పడి తొలి నెలల్లో ఉన్నవారు మామూలు బరువుతోనే పుట్టారు. అయినా నడివయసులో వారిలో గుండెజబ్బు ఎక్కువ కనిపించింది.

తగ్గిన. మాయ ద్వారా అందేది చాలనప్పుడు బిడ్డ శరీరం రక్తాన్ని ముందు మెదడుకు మళ్లిస్తుంది. కాలువలో నీరు తగ్గిన ఏడాది చివరనున్న నాగాయలంక, కోడూరు పొలాలకు నీరు అందనట్టే మూత్రపిండాలకూ రక్తం చాలదు. వాటిలో నెఫ్రాన్లు, అనగా రక్తాన్ని వడకట్టే సూక్ష్మమైన అమరికలు, సుమారు 36వ వారానికి ఏర్పడటం ముగుస్తుంది. తర్వాత కొత్తవి రావు. తక్కువున్నచోట ఒక్కోదానిపై భారం పెరిగి, మెల్లగా అధిక బీపీకి దారితీయవచ్చు. గుండె కండర కణాల సంఖ్య కూడా చాలావరకు పుట్టుక నాటికే తేలిపోతుంది.

గుండెజబ్బు. గుండెకు రక్తం తెచ్చే ధమనులు పూడుకునే జబ్బు అని ఇక్కడ అర్థం. పుట్టుకతో గుండెలో రంధ్రం ఉండటం వేరే సంగతి.

అవకాశం. అంటే రాసిపెట్టి ఉందని కాదు. మైసూరు హోల్డ్స్‌వర్త్ ఆసుపత్రిలో 1934-54 మధ్య పుట్టినవారిని పెద్దయ్యాక పరీక్షించారు. 45 ఏళ్లు, ఆ పైబడినవారిలో 2.5 కిలోలో అంతకు తక్కువో తూగి పుట్టినవారికి 11 శాతం, 3.1 కిలోలు, ఆపైన తూగినవారికి 3 శాతం గుండెజబ్బు కనిపించింది. తేడా పెద్దదే. కానీ చిన్నగా పుట్టినవారిలో నూటికి 89 మందికి జబ్బు లేదు.

మరి గర్భిణి తిండి పెంచితే ఆ అవకాశం తగ్గుతుందా? హైదరాబాదు దగ్గరి 29 పల్లెల్లో 1987-90 మధ్య దీన్ని చూశారు. కొన్ని ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు ఒక పథకం కింద అదనపు ఆహారం అందింది; మిగతా ఊళ్లకు ఆ పథకం ఇంకా రాలేదు. ఆ పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వారయ్యాక ఆహారం అందిన ఊళ్లవారు మిగతావారికన్నా సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు, వారి ధమనుల బిరుసు తక్కువగా ఉంది, ఇన్సులిన్ మెరుగ్గా పనిచేసింది. బీపీలో, కొలెస్టరాల్‌లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈ చివరి సంగతి దాచకూడదు.

పెద్దయ్యాక. పుట్టుకకూ జబ్బుకూ మధ్య బాల్యం ఉంది. చిన్నగా పుట్టి, రెండేళ్లకు బక్కగా ఉండి, ఆ తర్వాత త్వరత్వరగా లావెక్కిన పిల్లలకు ముప్పు హెచ్చని ఫిన్లాండ్ రికార్డులు చూపాయి. అంటే తొలి రెండేళ్లలో బిడ్డ ఒళ్లు చేయడం మేలు. బడి వయసులో బొద్దుగా కనిపించాలని తీపి తినిపించడం కీడు.